గంగలో గొల్లపల్లె, రాజమండ్రిలో కొవ్వూరు



క్రిందటి నెలలో ఒక మిత్రుడు నాకు ఉత్తరం వ్రాశాడు. వయసులో నా కుమారుని వంటివాడు, మా ప్రాంతం వాడే, ఇప్పుడు ఉద్యోగరీత్యా దూరదేశంలో ఉన్నాడు. కొవ్వూరులో ఎక్స్‌ప్రెస్ బండ్లు ఆగాలని కోరే అర్జీ మీద నేను సంతకం చేశానని ఎవరో అతని చెవిన వేశారట. "మాస్టారూ, మీరు ప్రేమిస్తున్నది మీ చదువుకున్న రోజులను, రైలును కాదు. వెయ్యిమంది ఎక్కిన బండిని పదిమంది కోసం ఆపడం న్యాయమా? రాజమండ్రి నది కవతలే కదా, అక్కడ దిగితే కొవ్వూరులో దిగినట్టే. చరిత్ర అంటారా, పాత వస్తువులన్నీ ఒకచోట చేర్చి ప్రదర్శనశాల పెట్టుకుందాం" అన్నది దాని సారాంశం.

అతనికి విడిగా జవాబు వ్రాయవచ్చు. కాని ఈ మాట అతని ఒక్కడిది కాదు. చదువుకున్నవాళ్లు, సొంత ఊళ్లు వదలి వచ్చినవాళ్లు, ఏడాదికొకసారి విమానం దిగి కారులో ఊరు చేరేవాళ్లు చాలామంది ఈ మాటే అంటున్నారు. అందుకని నలుగురిలోనూ చెబుతున్నాను. కొంచెం కఠినంగా ఉంటే మన్నించాలి. నలభై ఏళ్లు బడిపిల్లలకు వ్యాకరణం చెప్పినవాడికి తప్పు కనబడితే ఎర్రసిరా వెదుక్కోవడం అలవాటు.

"అక్కడ దిగితే ఇక్కడ దిగినట్టే" అన్న ముక్కతో మొదలుపెడతాను. అలంకారశాస్త్రం చదివిన వాళ్లకు "గంగాయాం ఘోషః" అన్న ఉదాహరణ తెలుసు. గంగలో గొల్లపల్లె. నీళ్లలో పల్లె ఉండదు గనుక, గంగ అనే మాటకు గంగాతీరం అని అర్థం చెప్పుకోవాలి. దీన్ని లక్షణ అంటారు. నేను ఈ పాఠం విన్నది కొవ్వూరులోనే, ఆంధ్ర గీర్వాణ విద్యాపీఠంలో. మా గురువుగారు లక్షణకు మూడు షరతులు వ్రేళ్లమీద లెక్కపెట్టి చెప్పేవారు: ముఖ్యార్థానికి బాధ కలగాలి, ఆ అర్థంతో సంబంధం ఉండాలి, చివరికి రూఢియో ప్రయోజనమో ఉండాలి. మా మిత్రుడు రాజమండ్రికి కొవ్వూరు అని లక్షణ చెప్పాడు. బాధ ఉన్నది, ఒప్పుకుంటాను. మా మోకాళ్లకే ఉన్నది! సంబంధం ఉన్నది, మధ్య గోదావరి ఉన్నది. ప్రయోజనం ఎవరికి?

మొన్న చలికాలంలో జరిగింది చెబుతాను. హైదరాబాదులో కంటి పరీక్ష చేయించుకుని, నేనూ మా ఇంటావిడా రాత్రి బండిలో తిరిగి వస్తున్నాము. తెల్లవారుజామున నిడదవోలు దాటింది. చాగల్లు పోయింది, పశివేదల పోయింది. మెట్లు దిగడానికి సిద్ధంగా సంచులు సర్దుకుని తలుపు దగ్గర నిలబడ్డాను, పాత అలవాటు. కొవ్వూరు పేరు పలక కిటికీలోంచి వచ్చింది, తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో, వెళ్లిపోయింది. వంతెన మీదికి ఎక్కేశాము. రాజమండ్రిలో దిగి, ఆటో మాట్లాడుకుని, ఏ నదిని దాటి వెళ్లామో ఆ నదినే తిరిగి దాటి, మా ఇల్లు చేరేసరికి బాగా ప్రొద్దెక్కింది. చీకట్లో, చలిలో ఆటోవాడు అడిగింది ఇచ్చాను. అతనిదీ తప్పు కాదు.

అందులో విచిత్రం ఇంకొకటి. అదే బండి మరొక రోజున కొవ్వూరులోనే పావుగంట నిలబడిపోయింది. ముందు దారి ఖాళీ లేదు. ఆగిన బండిలోంచి నా వంటి వాళ్లు ఇద్దరు ముగ్గురు సామానుతో ఎటు దిగాలో తెలియక చూస్తున్నారు. బండి ఉన్నది ప్లాట్‌ఫారం లేని పట్టాల మీద. బండి ఆగింది కాని హాల్టు లేదు. ఈ వాక్యాన్ని పరీక్షలో పిల్లవాడు వ్రాస్తే నేను విరోధాభాసకు ఉదాహరణగా మార్కులు వేసి ఉండేవాణ్ణి.

ఇక "నది కవతలే" అన్న మాట. నది కవతలి ఊరు దగ్గరదని ఎవరనాలి? వంతెన ఉన్నంతవరకే దగ్గర. గోదావరికి ఇటు పట్టాలు, అటు పట్టాలు 1893 నాటికే పడ్డాయి. ఈస్టు కోస్టు స్టేటు రైల్వే అని పేరు, బెజవాడ నుంచి కటకం వైపు వెళ్లే దారి. కాని నది మీద వంతెన లేదు. 1897 నవంబరులో పని మొదలై 1900 ఆగస్టు 30న వంతెన తెరుచుకునేదాకా పడమటి నుంచి వచ్చిన పట్టా ఈ గట్టున అయిపోయేది, తరువాతిది పడవ. అంటే, నాయనా, ఆ ఏడేళ్లూ కొవ్వూరులో ఆగకుండా పోగలిగిన బండి భూప్రపంచం మీద లేదు. నీవు చెప్పే పెద్ద బండికి ఈ చిన్న ఊరు ఒకప్పుడు చివరి ఊరు. దొరలైనా దాసులైనా ఇక్కడ దిగి నేలమీద కాలు పెట్టవలసిందే.

ఆ వంతెనకు అప్పటి మద్రాసు గవర్నరు హేవలాకు పేరు పెట్టారు. 56 ఖానాలు. నేను విద్యాపీఠంలో చేరేనాటికి, దానికి తోడుగా, పైన రోడ్డు క్రింద రైలు ఉన్న రెండవ వంతెన 1974లో వచ్చి ఇంకా క్రొత్తగానే ఉన్నది. 1997లో విల్లులవంటి కాంక్రీటు కమానులతో మూడవది వచ్చింది, హేవలాకు వంతెన విశ్రాంతి తీసుకున్నది. 97 ఏళ్ల సేవ! రోడ్డు బండ్లకు నాలుగవ వంతెన 2015లో వచ్చింది. ఇన్ని ఉండి కూడా, 2023లో రోడ్డు వంతెనను మరమ్మతులకని మూసినప్పుడు "కవతలే" ఉన్న రాజమండ్రి ఎంత దూరమైనదో చుట్టు తిరిగిన వాళ్లను అడగాలి. ఆ రోజుల్లో క్రింద రైలు మాత్రం ఎప్పటిలాగే పోతున్నది. కొవ్వూరులో ఆగేవి ఎన్నో అన్నదే ప్రశ్న.

(చిన్న పిడకల వేట. 2022 ఏప్రిలులో జిల్లాలు విడదీసినప్పుడు కొవ్వూరును తూర్పుగోదావరి జిల్లాలో కలిపారు. గోదావరికి పడమటి గట్టున పుట్టిన ఊరు, ఏకవాక్య ఉత్తర్వుతో తూర్పు అయింది. దిక్కులే మార్చగలిగిన వాళ్లకు ఒక బండిని రెండు నిమిషాలు నిలపడం కష్టమా అని మా వీధిలో ఒక పెద్దాయన అంటూంటాడు. ఉత్తర్వు ఒకరిది, బండి ఒకరిది అని చెప్పినా ఆయన వినడు.)

"వెయ్యిమంది బండి, పదిమంది కోసం" అన్న లెక్కకు వద్దాము. ఈ లెక్కలో ఒక మోసం ఉన్నది, మా మిత్రుడు చేసినది కాదు, అతనికి ఎవరో అప్పగించినది. ఒక స్టేషనులో క్రొత్తగా బండి ఆపాలంటే ముందు ప్రయోగాత్మకంగా కొన్ని నెలలు ఆపి, ఎన్ని టికెట్లు అమ్ముడుపోయాయో చూస్తారు. వినడానికి సబబుగానే ఉన్నది. కాని హాల్టు లేని రోజుల్లో ఊరివాళ్లంతా రాజమండ్రికో నిడదవోలుకో టికెట్టు తీసుకోవడం నేర్చుకుంటారు. నేనూ నేర్చుకున్నాను. ఆ టికెట్టు కొవ్వూరు పద్దులో పడదు. అప్పుడు పుస్తకం చూసి "కొవ్వూరుకు ప్రయాణికులు లేరు" అంటారు. ప్రయాణికులు లేరు గనుక బండి ఆగదు, బండి ఆగదు గనుక ప్రయాణికులు లేరు. తర్కంలో దీని పేరు అన్యోన్యాశ్రయ దోషం. దీనితో ఒక వాదాన్ని నిలబెడితే మా గురువుగారు గోడకుర్చీ వేయించేవారు. ఇక్కడ దీనితో ఒక ఊరి రాకపోకలనే నిర్ణయిస్తున్నారు.

అసలు పదిమందేనా? కొవ్వూరు స్టేషను కొవ్వూరు ఊరి వాళ్లది మాత్రమే కాదు. ఎగువన తాళ్లపూడి, పోలవరం, ఆపైన మన్యం. ఆ దారిన వచ్చేవాళ్లకు ఏటి ఈ గట్టున మొదట తగిలే రైలు ఇదే. బస్సు దిగి, మూట నెత్తిన పెట్టుకుని, స్టేషను వైపు నడిచే మనిషికి "ఇంకో బస్సు ఎక్కి నది దాటు" అని చెప్పడం సులభం, చెప్పేవాడు మూట మోయనప్పుడు. ఆయన టికెట్టు రాజమండ్రి పద్దులో పడుతుంది, ఆయన అలసట ఏ పద్దులోనూ పడదు.

2020 మార్చిలో బండ్లన్నీ ఆగిపోయినప్పుడు ఎవరమూ ఏమీ అనలేదు, అనే పరిస్థితి కాదు. ఊపిరి నిలిస్తే చాలనుకున్నాము. అవి తిరిగి నడిచేటప్పుడు మాత్రం కాలపట్టికలు క్రొత్తగా వ్రాసుకున్నారు. దేశమంతటా ఎన్నో చిన్న స్టేషన్ల హాల్టులు ఆ వ్రాతలో జారిపోయాయి. అంటురోగానికి వేసిన తాళం రోగం తగ్గినా తీయలేదన్నమాట. పాసింజరు బండ్లకు ఎక్స్‌ప్రెస్ స్పెషలు అని నామకరణం చేశారు. అవే పెట్టెలు, అవే బల్లలు, అవే స్టేషన్లు, అదే నిదానం. కనీసపు చార్జీ మాత్రం 10 రూపాయలు పోయి 30 అయింది. సంజ్ఞ మారితే సంజ్ఞి మారదని మాకు మొదటి ఏడాదిలోనే చెప్పారు. 2024 ఫిబ్రవరిలో పాత చార్జీ మళ్లీ వచ్చింది. నాలుగేళ్లు! నది కవతల సంతకు రోజూ పూలబుట్టతో టికెట్టు కొనుక్కుని వెళ్లివచ్చే మనిషి 20 రూపాయల చోట 60 ఇచ్చింది. నెలకు 25 రోజులు పోయినా 1,000 రూపాయలు అదనం. పూలమ్మే ఆమెకు 1,000 రూపాయలంటే ఎంతో, మా మిత్రుడికి తెలియదని అనను, మరచిపోయాడంటాను. వాళ్ల అమ్మమ్మగారు ఆ బండిలోనే వెళ్లేవారు. నా వంటి పెద్దవాళ్ల రాయితీ కూడా ఆ మార్చిలోనే తీసేశారు, నా సంగతి పోనివ్వండి, నాకు పింఛను ఉన్నది.

వేగం గురించి ఒక మాట ఒప్పుకుని ముందుకు పోతాను. నిండు బరువుతో పరుగెత్తే బండిని ఆపి మళ్లీ పరుగందించడానికి ఆగిన రెండు నిమిషాలు మాత్రమే కాదు, అటూ ఇటూ మరికొన్ని నిమిషాలు, బోలెడు విద్యుత్తు ఖర్చవుతాయి. అన్ని బండ్లూ అన్ని ఊళ్లలో ఆగాలన్నవాడు రైలును ఎరుగడు. వందే భారత్ కొవ్వూరులో ఆగాలని నేను అడగలేదు, అడిగేవాళ్లను చూసి నవ్వాను కూడా. మేము అడిగినది హైదరాబాదుకు రాత్రిపూట వెళ్లివచ్చే ఒక జత, విశాఖ వైపు పగటిపూట ఒక జత, తిరుపతికి ఒక జత. ఇంతే. మూడు జతల బండ్లకు రెండేసి నిమిషాలు. దీనికి "అభివృద్ధికి అడ్డుపడుతున్నారు" అన్న బిరుదు!

వేగమే అభివృద్ధి అన్న మాట మా గోదావరి దగ్గర అనేటప్పుడు కొంచెం జాగ్రత్త అవసరం. ఈ నీళ్లు మాకు ఇచ్చిన కాటన్ దొర రైళ్లకు విరోధి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి, మా వైపు విజ్జేశ్వరం నుంచి పడమటి కాలువ పారించినవాడు. రైలు దారులకు పోసే ధనం కాలువలకు పోయండి, నీరూ పారుతుంది పడవా నడుస్తుంది అని ప్రభుత్వంతో జీవితకాలం పోరాడాడు. ఈ దేశపు పేదవాడికి, అతని ధాన్యానికి కావలసినది ఎక్కువ వేగం కాదు, తక్కువ కిరాయి అన్నది ఆయన వాదం. ఆయన 1899 జూలైలో పోయాడు. మరుసటి ఏడు హేవలాకు వంతెన మీద బండి నడిచింది. అన్ని విషయాల్లోనూ ఆయనదే ఒప్పని నేననను. రైలు లేకపోతే నేను మా పల్లె నుంచి విద్యాపీఠానికి వచ్చి ఉండేవాణ్ణే కాదు. కాని ఆయన అడిగిన ప్రశ్న, ఈ బండి ఎవరి కోసం అన్నది, ఆయనతో పాతిపెట్టబడలేదు. అన్నం పెట్టిన దొర విగ్రహానికి ప్రతి ఏటా దండ వేసి, ఆయన ప్రశ్నను మాత్రం దండ క్రింద దాచేస్తున్నాము.

ఇక ప్రదర్శనశాల. చరిత్ర మీద ప్రేమ గలవాళ్లు ఇది విని సంతోషిస్తారని మా మిత్రుడు అనుకున్నాడు. నాకు మాత్రం ఈ మాటే అన్నిటికన్న ఎక్కువ కోపం తెప్పించింది. పనిచేయని దానికి ప్రదర్శనశాల. హేవలాకు వంతెన అలసిపోయింది, బండి మోయలేదు, దాన్ని చూసుకునే స్థలంగా మారుద్దామంటే నేను చేతులెత్తి మ్రొక్కుతాను. అఖండ గోదావరి పథకానికి 2025 జూన్‌లో శంకుస్థాపన చేశారు, అందులో ఆ పాత వంతెన కూడా ఉన్నది, మంచిదే. కాని కొవ్వూరు స్టేషను బ్రతికి ఉన్నది. తెల్లవారగానే మెము బండి కోసం కాలేజీ పిల్లలు పరుగెత్తుకు వస్తారు, క్యారేజీలు పట్టుకుని గుమాస్తాలు వస్తారు, గోష్పాద రేవులో పిండప్రదానం చేసుకుని తడి పంచెలతో ఎవరో వస్తారు. బ్రతికి ఉన్నవాడికి ఫోటో కట్టి దండ వేస్తే మన ఊళ్లలో ఏమంటారో నేను వ్రాయనక్కరలేదు.

ఈ అలంకారాల జబ్బు రైలు వాళ్లకూ పట్టింది. 2023 ఆగస్టులో ఒక్కరోజున 508 స్టేషన్ల పునరుద్ధరణకు శంకుస్థాపన జరిగింది. ముఖద్వారాలు, లిఫ్టులు, వెయిటింగ్ హాళ్లు. లిఫ్టులు వద్దనేంత అహంకారం నా మోకాళ్లకు లేదు. కాని ఇంత అందమైన ముఖద్వారంలోంచి లోపలికి వెళ్లినవాడికి లోపల ఎక్కడానికి బండి ఉండాలి కదా? ఇంగ్లీషు స్టేషనుకూ మన స్థానానికీ మూలధాతువు ఒక్కటే, స్థా. గతి ఆగిపోవడమే ఆ ధాతువుకు వ్యాకరణం చెప్పే అర్థం. బండి నిలిచేదే స్టేషను. నిలవని చోట ఎన్ని అద్దాలు బిగించినా అది గోడే. (పూర్వం మా వాళ్లలో ఒకరు స్టేషనుకు ధూమశకట విరామస్థానం అని అనువాదం చేస్తే అందరం పగలబడి నవ్వాము. ఇప్పుడనిపిస్తున్నది, ఆ విరామం అన్న మాటను కాస్త గట్టిగా పట్టుకుని ఉండవలసింది.)

నా చదువుకున్న రోజులను ప్రేమిస్తున్నానని నింద వేశాడు. నిజమే, ప్రేమిస్తున్నాను. విద్యాపీఠంలో చేరిన రోజున మా నాయన నన్ను తీసుకుని బొగ్గు బండిలో వచ్చాడు. ఇద్దరి చొక్కాలమీదా నల్లని రవ్వలు. ప్లాట్‌ఫారం మీద కుళాయి దగ్గర నా ముఖం ఆయనే కడిగాడు, గురువుగారి ముందుకు మసిముఖంతో పోకూడదని. సాయంత్రం బండికి ఆయన తిరిగి వెళ్లిపోయాడు. నేను ఏడవలేదు, బండి మలుపు తిరిగాక ఏడ్చాను. ఆ రోజు ఆయన ఖర్చుపెట్టగలిగింది పాసింజరు టికెట్టు మాత్రమే. అది ఆగింది కాబట్టి నేను దిగాను, దిగాను కాబట్టి నాలుగు ముక్కలు నేర్చుకున్నాను, నేర్చుకున్నాను కాబట్టి, నాయనా, నీకు ఆరవ తరగతిలో సంధులు చెప్పాను. స్మృతి అంటే ఇది. ఇలా ఇప్పుడు దిగవలసిన పిల్లవాడు ఏ తాళ్లపూడి దగ్గరో, ఏ చాగల్లులోనో ఉన్నాడు. వాడి కోసమే సంతకం చేశాను. నాకోసం అయితే ఆటో డబ్బులు ఇవ్వగలను.

అర్జీ రెండవ ప్రతి తయారవుతున్నది. మొదటి దానికి వచ్చిన జవాబులో "పరిశీలనలో ఉన్నది" అని ఉన్నది. 2015 పుష్కరాల తరువాతి పుష్కరం 2027లో. ఆ పన్నెండు రోజులూ ఇక్కడ ప్రత్యేకపు బండ్లు ఆగుతాయి, ప్రతి పుష్కరానికీ జరిగేదే. దేవుడి పేరున ఆగగలిగిన బండి మనిషి పేరున కూడా ఆగాలని ఈసారి అర్జీలో ఒక వాక్యం చేర్చాను. కుర్రవాళ్లు "మాస్టారూ, ఇది మరీ వ్యాసంలా ఉంది" అని కొట్టివేయబోయారు. ఉండనివ్వమన్నాను.

నీవు సంక్రాంతికి వస్తున్నానని వ్రాశావు. సంతోషం. రాజమండ్రికే టికెట్టు తీసుకో, వేరే దారి లేదు. బండి కొవ్వూరు దాటేటప్పుడు ఎడమా కుడా అని చూడకుండా రెండువైపులా చూడు. నేను ప్లాట్‌ఫారం మీద కుళాయి దగ్గర నిలబడి ఉంటాను, చేయి ఊపుతాను.